ఖాజా సార్ అనుమానం

ల్యాప్‌టాప్ ఫ్యాన్ ఉన్నట్టుండి రొద పెడితే చాలు, కీబోర్డు మీద నా చేతులు ఆగిపోతాయి. లోపల ఏదో పని ముగిసి కూడా జాగా ఖాళీ చేయలేదని అనుమానం. ఈ జబ్బు నాకు అంటించింది ఖాజా సార్. తొంభైల చివర్లో కామారెడ్డిలో ఆయన నడిపిన చిన్న కంప్యూటర్ సెంటర్‌లో నా మొదటి ఉద్యోగం. ఆయన ఎవరినీ నమ్మేవారు కాదు. చాయ్‌లో చక్కెర వేశానని చెప్పినా చెంచాతో అడుగు కలిపి చూసేవారు.

ఎల్లారెడ్డి రైస్ మిల్లులో లారీలకు కాంటా చీటీలు కొట్టే పాత మిషన్ చెడిపోయింది. కొత్త పీసీయే ఆ మిషన్‌లా నటించేలా మేం ఎమ్యులేటర్ రాశాం. చీటీల భాగం నాది. ఒక్కో చీటీకి ఒక థ్రెడ్, అంటే లోపల విడిగా నడిచే చిన్న పని, మొదలయ్యేది. అది ఇంకో చీటీ అడ్డురాకుండా ప్రింటర్‌కు తాళం వేసుకుని, చీటీ కొట్టి, తాళం తీసి పోవాలి.

కామారెడ్డిలో చక్కగా నడిచిన ప్రోగ్రాం ఎల్లారెడ్డిలో రోజూ మొరాయించింది. మా ఊరేమో ఎల్లారెడ్డే. సార్‌కు ఇంకేం కావాలి?

"ఈడ నడుస్తది, మీ ఊర్ల ఆగుతది. గిదేంది బిడ్డా? నిజామాబాద్ సెంటరోళ్లు గిట్ల నిన్ను పిలిచిన్రా?" అన్నారు.

పోటీవాళ్లకు అమ్ముడుపోయానట! ఒళ్లు మండింది. ఉద్యోగం పోతే పోనీ, ద్రోహినన్న పేరుతో మాత్రం పోకూడదనుకున్నాను.

మర్నాడు మిల్లులో కూర్చుని గుమస్తా చేతులనే చూశాను. కాగితం ఇరుక్కోగానే అతను చీటీ రద్దు చేసి మళ్లీ కొడుతున్నాడు. సార్ దగ్గర కాగితం ఎన్నడూ ఇరుక్కోదు, ప్రతిదీ చేత్తో సర్ది పెట్టే మనిషాయన. అందుకే అక్కడ రద్దు చేసే అవసరమే రాలేదు. ఇక్కడ రద్దు చేయగానే నా థ్రెడ్ తాళం తీయకుండానే ఆగిపోతోంది. తర్వాతి చీటీలన్నీ ఆ తాళం కోసం ఎదురుచూస్తూ నిలబడిపోతున్నాయి. తప్పు నాదే.

గుట్టుగా సరిచేయొచ్చు. కానీ అలా చేస్తే ఆయన అనుమానం నిజం చేసినట్టే. బస్సు దిగి నేరుగా సార్ దగ్గరికే వెళ్లాను.

"తప్పు నాదే సార్. చీటీ రద్దు చేస్తే తాళం తీయాలని రాయలేదు."

ఆయన అద్దాలు తుడుచుకుంటూ, "నాకు మొన్ననే తెల్సు. చెప్తవా, దాస్తవా అని చూసిన. పోయే తొవ్వ ముందు రాయాలె బిడ్డా. వచ్చే తొవ్వ అందరు రాస్తరు," అన్నారు.

సార్ ఇప్పుడు లేరు. నేను నేటికీ తాళం తీసే లైన్లే ముందు రాస్తాను. కానీ ఆయనకు నిజంగా మొన్ననే తెలుసా? తెలిసీ రెండు రోజులు మిల్లు లారీలను నిలబెట్టే మనిషి కాదే! ఆయన బతికుండగా అడగలేకపోయాను. ఎంతో ప్రేమతోనే అంటున్నాను, ఆ మాట నేను ఇప్పటికీ నమ్మను.