బే అంటే ఏమిటని చంద్రపూర్ వెళ్లాను

మా మేనకోడలు సుజాతకు హైదరాబాద్ ఆఫీసులో పరిచయమైన మహేశ్ నచ్చాడు. వాళ్లూ తెలుగువాళ్లే, మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో బట్టల కొట్టుంది. సంబంధం ఖాయం చేసేముందు నన్ను వెళ్లి అబ్బాయిని చూసి రమ్మంది.

"ఒక్కటే అనుమానం మామయ్యా. ఫోన్‌లో స్నేహితులతో ప్రతి మాటకీ 'బే' అంటాడు. అది తిట్టా, ముద్దా? రేపు నన్నూ అలాగే అంటాడా?"

విజయవాడలో పొద్దున్నే రైలెక్కాను. కాగజ్‌నగర్‌లో ఎక్కి నా పక్కన కూర్చున్న రాజురా రైతును అడిగాను.

"నిజాం కాలం ఉర్దూ మాట సారు. 'అబే' అరిగి గింతయింది. మా నాయిన కొట్టేముందు గదే అంటుండె."

ఎదురుగా ఉన్న ఆవర్‌పూర్ సిమెంటు ఫ్యాక్టరీ కుర్రాడు ఒప్పుకోలేదు. "గట్ల కాదు కాకా, అది మా విదర్భ మాట. దోస్తును బే అనకుంటే కోపమొచ్చిందనుకుంటడు."

వాళ్లు బల్లార్షాలో దిగేదాకా ఇద్దరూ వాదించుకున్నారు. నాకు అంతకుముందు తెలిసిందీ పోయింది.

సెలవు మీద ఇంటికొచ్చిన మహేశ్ చంద్రపూర్ స్టేషన్‌కు వచ్చాడు. "రండి మామాజీ" అని సంచీ అందుకున్నాడు. మర్నాడు పొద్దున బజారులో ఒక బండి దగ్గర తర్రీ పోహా తినిపించాడు. అటుకుల మీద ఎర్రటి కారం పులుసు పోస్తారు. ముక్కు కారింది గానీ వదలబుద్ధి కాలేదు. అక్కడ కుర్రాళ్లంతా ఒకరినొకరు బే అనుకుంటూ పగలబడి నవ్వుతున్నారు. సరే, మనమూ కలిసిపోదామని "ఔర్ తర్రీ డాలో బే" అని బండాయనను ఇంకాస్త పులుసు అడిగాను. గరిటె గాల్లోనే ఆగింది. ఆయన నాకంటే పెద్దవాడు. మహేశ్ చేతులు జోడించి మరాఠీలో ఏదో చెప్పాక గానీ గరిటె కదల్లేదు.

"పెద్దోళ్లను అనద్దు మామాజీ. కొత్తోళ్లను గూడ అనద్దు."

"మరి ఎవరిని అనాలి?"

"అనాలని అనం. వచ్చేస్తది."

ఈ జవాబు పట్టుకుని నేనేం చేసుకోను? నాతో మాత్రం మీరు, జీ తప్ప మాట్లాడలేదు. అది మర్యాదో నటనో తేలలేదు. పిల్లకు ఏం చెప్పాలా అని నాకు బెంగ పట్టుకుంది.

తిరుగు ప్రయాణంలో నన్ను రైలెక్కించడానికి మహేశ్ చంద్రపూర్ స్టేషన్‌కు వచ్చాడు. నేను నీళ్ల సీసా కొంటుంటే రైలు కదిలింది. పరుగెత్తి తలుపు కమ్మీ పట్టుకున్నాను. కాలు జారింది.

"వదులు బే! సస్తవ్!"

మహేశ్ వెనకనుంచి వాటేసుకుని లాగాడు. ఇద్దరం ప్లాట్‌ఫాం మీద పడ్డాం. లేచి నా ఒళ్లంతా తడిమి చూశాడు. రైలు వెళ్లిపోయాక నాలుక కరుచుకున్నాడు. "మాఫ్ చేయండి మామాజీ, నోట్లకెళ్లి వచ్చేసింది."

సాయంత్రం ఇంకో రైలు దొరికింది. మోకాలు దోక్కుపోయి మంటగా ఉంది. సుజాతకు ఫోన్ చేశాను.

"తేలిందా మామయ్యా? తిట్టా, ముద్దా?"

"తేలలేదమ్మా. నన్నూ అన్నాడు."

"అయ్యో, మిమ్మల్నా! ఎందుకు?"

"నేనెక్కడ చచ్చిపోతానో అని భయపడి."



"అమ్మతో సరేనని చెప్పెయ్యండి," అంది.