పన్నెండో వరుస, నాలుగో గడి

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పనిది ఇప్పుడు మీకెందుకు చెబుతున్నానో నాకే తెలియదు. వరుసగా చెప్పడం ఒక్కటే నాకు చేతనైన పని. అలాగే చెబుతాను.

డెబ్బై మూడులో నేను అరబ్బు దేశంలో, ఖురియాత్ అనే ఊరికి వేస్తున్న రోడ్డు పనిలో సర్వేయర్ని. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. నా పైఅధికారి డెరెక్, ఉత్తర ఇంగ్లండు మనిషి. పదమూడు మంది ఆడే రగ్బీని తొమ్మిదేళ్లు జీతానికి ఆడాడు. విరిగినవి: ముక్కు రెండుసార్లు, ఎడమ భుజం, మూడు వేళ్లు. ఒకరోజు జీపులో పాత పేపరు ముక్క చూపించి ఇదంతా తానే చెప్పాడు. ఆ ఆటకు ఒక్కసారి డబ్బు పుచ్చుకున్నవాణ్ణి పదిహేను మంది ఆడే రగ్బీలోకి జన్మలో రానివ్వరట. మేముండే రూవిలో తెల్లవాళ్లు శుక్రవారాలు ఆడేది ఆ రెండో రకమే. అందుకే ఆయన గతం దాచి ఆడుతున్నాడు. సంగతి తెలిసింది ఇద్దరికే: ఆయన ఊరివాడైన ఇంజనీర్ కెన్‌కి, నాకు.

ఆ ఇసుక మైదానంలో వాడేసిన ఇంజనాయిలుతో గీతలు వేసేది నేనే. బంతి చేతికందగానే ఆయన ఎంత కుర్రవాడైపోయేవాడో గీత పక్కన నిలబడి చూసేవాణ్ణి.

ఒకరోజు నా లెక్క తప్పిందని డెరెక్ అందరి ముందూ నా పుస్తకాన్ని ఇసుకలోకి విసిరేశాడు. కొలకర్ర పట్టుకునే పోశన్న పగలబడి నవ్వాడు. "ఏం సారూ, గీతలు గీసుడేనా, లెక్క రాదా నీకు? దొర బంతి ఇసిరినట్టే ఇసిరిండు గదా!"

ఆ సాయంత్రమే కెన్ ఒక చిత్తుకాగితం ఇచ్చాడు. బయటి జట్టుతో పోటీ ఉంది, మా ఆటగాళ్ల పట్టిక శుభ్రంగా రాసిపెట్టమన్నాడు. పేరు, వయసు, స్థానం, ఇదివరకటి క్లబ్బు. డెరెక్ పేరు ఎదురుగా నాలుగో గడి ఖాళీ. నేను నింపాను. క్లబ్బు పేరు, తొమ్మిదేళ్లు. కెన్ చూడకుండానే సంతకం పెట్టి పంపేశాడు.

ఎందుకు నింపాను? పట్టికలో ఖాళీ కనిపిస్తే నా చెయ్యి ఆగదు. అది నిజం. పోశన్న నవ్వు ఇంకా చెవుల్లో ఉంది. అదీ నిజం. కలం కదిపింది ఈ రెండింటిలో ఏదో ఎన్నిసార్లు విడదీసి చూసుకున్నా తేలదు. ఆయన్ని ఆపేస్తారని నాకు తెలియదా? తెలుసు. ఆ క్షణంలో గుర్తుందా? అదే చెప్పలేకపోతున్నాను.

వారం తిరక్కుండానే పోటీ నడిపేవాళ్లు ఆయన పేరు కొట్టేశారు. డెరెక్ ఆ పట్టిక తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"రాత నీది. మాట ఎవరిది?"

"కెన్ సార్ ఇచ్చింది ఇచ్చినట్టే రాశాను సార్."

"చిత్తు ఏది?"

"చింపేశాను సార్."

పట్టికను మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నీ లెక్క తప్పుతుందేమో గాని నువ్వు అబద్ధమాడవులే, రావ్" అన్నాడు.

ఇక్కడ మాత్రం తికమక లేదు. ఆ మాటలు నేను తెలిసే అన్నాను.

తాను రాయలేదని కెన్ ఎంత చెప్పినా ఆయన వినలేదు. ఇద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదు. సైటులో ఒకరి కబురు ఒకరికి మోసింది నేనే. తన దేశం వెళ్లిపోయేదాకా శుక్రవారాలు డెరెక్ నేను గీసిన గీతకు ఇవతల, నా పక్కనే నిలబడి ఆట చూసేవాడు.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. చింపేశానన్నాను కదా, నేను ఏ కాగితమూ చింపను. కెన్ చిత్తు నా ఫైల్లోనే ఉంది. పన్నెండో వరుస, నాలుగో గడి. ఖాళీగానే ఉంది.

నింపింది నేను.