ముందు బండి, తరువాత వాము

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. కడప రైల్వే స్టేషనులో నా ఎదుటి బల్లపై ఒక రైతు, అతని భార్య కూర్చుని ఉన్నారు. ఉన్నట్టుండి ఆమె రొమ్ము పట్టుకొని ముందుకు వంగింది.

"ఈపు దాకా చీల్చినట్టుండాది," అన్నది.

పక్కనున్న వర్తకుడు వాము పొట్లం అందించాడు. "వాయువప్పా! ఆడోళ్లకు మామూలే. నమలమను, పోతాది."

రైతు ఆ పొట్లాన్ని తన పైపంచె కొంగున ముడివేశాడు. "మా నాయనకు ఇట్లే వస్తే బండి కట్టి ఆస్పత్రికి పరిగెత్తితిమి. బతికినాడు. మా యమ్మకు వస్తే వాము పెడితిమి. పోయింది. ఇంగ జాలు," అని జట్కాను పిలిచాడు.

"నాక్కూడా జట్కానా? రైలు పోతాది గదా!" ఆమె నొప్పిలోనే నవ్వింది.

"రైలు రేపూ వస్తాది. ఎక్కు."

నా రైలు రాకముందే ఆ జట్కావాడు తిరిగి వచ్చాడు. "ఆయమ్మను చేర్చుకున్నారు సామీ. మంచి ఏళకు తెచ్చినావని డాక్టరన్నాడు."

గుండె నుండి వెలువడే పెద్ద రక్తనాళం చీలితే అటువంటి నొప్పి పుడుతుందనీ, స్త్రీలనే ఆలస్యంగా తీసుకొని వస్తారనీ తరువాత ఒక వైద్యుడు నాకు చెప్పారు. మా ఇంట ఆడవారెవరికి రొమ్ము నొప్పి వచ్చినా మొదట బండి కట్టవలసినదే. వాము సంగతి వైద్యుడు చెప్పాలి.