మా అక్క వాకిట్లో బోదగడ్డి

మా అక్క ఇంటి ముందున్న బోదగడ్డిని చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. గడ్డిని చూసి కుళ్లుకునే మనిషి ఎక్కడైనా ఉంటుందా అంటారేమో. ఎందుకుండదు, నేను లేనూ!

బోద మా కొండల మీద దానంతటదే మొలిచే గడ్డి. ఒకప్పుడు కొట్టాలకు పైకప్పు దాంతోనే వేసేవాళ్లు. మా నాయనకు అదే పని. కొండ మీంచి మోపులు తెచ్చి ఊళ్లో ఇళ్లన్నీ కప్పేవాడు. రేకులూ మిద్దెలూ వచ్చాక ఆ పని పోయింది. అయినా మా చేని గట్టు మీద ఒక్క దుబ్బును మాత్రం ఊరికే చూసుకోవడానికి పెంచుకున్నాడు. చలికాలం మొదట్లో అది రాగి రంగు కంకులు వేసి గాలికి ఊగుతుంటే దాని పక్కన కూర్చుని బీడీ తాగేవాడు. ఆయన పోయాక చేను వేరేవాళ్ల చేతికి వెళ్లింది. దుబ్బును గడ్డపారతో రెండుగా చీల్చి అక్కా నేనూ చెరి సగం తెచ్చుకున్నాం. గార్లదిన్నెలో మా ఇళ్లు రెండూ ఒకే వీధిలో, ఎదురెదురుగా ఉన్నాయి. అదీ నా ఖర్మ.

నా సగాన్ని చూసుకున్నంత శ్రద్ధగా కన్నబిడ్డల్ని కూడా చూసుకోలేదు. మేకలు రాకుండా చుట్టూ ముళ్లకంప వేశాను. మా సీమలో దేనిమీదైనా ప్రేమ పుడితే నీళ్లు పోస్తాం, ఇంకో విధం మాకు తెలీదు. ట్యాంకరు రాని రోజు కూడా బియ్యం కడిగిన నీళ్లు, చేతులు కడుక్కున్న నీళ్లు, అన్నీ దానికే. ఇంట్లోవాళ్లు స్నానానికి ఇంకో చెంబు అడిగితే కసురుకునేదాన్ని. దానికేమో ఒళ్లంతా ఆకే! ఏపుగా పెరిగి, నడుం విరిగినట్టు నేల మీద పడింది. కంకి అన్న మాటే లేదు. నడిమధ్య నల్లబడి కుళ్లు వాసన కూడా మొదలైంది.

ఎదురుగా అక్క దుబ్బు రొమ్ము విరుచుకుని నిలబడేది. జనం బండ్లు ఆపి మరీ ఫోటోలు తీసుకునేవారు. ఒకసారి పెళ్లి ఫోటోలు తీసే అతను కొత్త జంటను తెచ్చి దాని పక్కన నిలబెట్టాడు. నేను చూసి కిటికీ రెక్క దభీమని వేశాను.

"నీదీ బాగనే ఉండాదిలే, ఎనుముకు ఒక పూట మేతకొస్తాది," అన్నాడు మా ఆయన. ఆ రోజు చారులో ఉప్పు వేయలేదు నేను.

నిజానికి నా కడుపుమంట గడ్డి గురించి కాదు. చిన్నప్పుడు నాయన కొండకు పోతే అక్కనే వెంటబెట్టుకుపోయేవాడు. నన్ను బడికి తరిమేవాడు. పొద్దుగూకే వేళ వాళ్లిద్దరూ కొండ దిగి వస్తుంటే అరుగు మీద కూర్చుని ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఆయన గడ్డి కూడా ఆమె పక్షమే చేరింది. ఆయనదంటూ నాకు మిగిలింది అదొక్కటే, అదీ నా చేతుల్లోనే చచ్చిపోతోంది.

నిరుడు కార్తీకంలో ఒక పొద్దున దుబ్బును పట్టి లేపబోతే సగం చేతిలోకి ఊడివచ్చింది. దాన్ని అట్లాగే పట్టుకుని అక్క వాకిట్లోకి పోయాను.

"ఏం పెడ్తాండావు నీ గడ్డికి? నిజం చెప్పు. నాయన నీకొక్కదానికే ఏమన్నా చెప్పిపోయినాడా?"

చెనక్కాయలు ఒలుస్తున్న అక్క తలెత్తింది. "ఏమీ పెట్టల్యా."

"నీళ్లు?"

"చెంబుడు గూడా పొయ్యల్యా. మేకలు మొదలంటా కొరుక్కుపోతాంటే తరమల్యా. సావనీ అని ఇడ్సిపెట్టినా. అది సావల్యా."

అక్క గొంతు పెరిగింది.

"ఆ మోపులు మోసి మోసి నా నెత్తిన ఎంటికలు ఊడిపాయ. ఆకు కోసుకోని చేతులంతా నెత్తురు. నువ్వేమో రిబ్బన్లు కట్టుకోని బడికి పోతాంటివి. కొండ మీంచి మీ బడి అగుపిస్తాండె. చూసి ఏడుస్తాంటి. ఆ గడ్డంటే నాకు ఇప్పటికీ కసి."

"మరి సగం ఎందుకు తెచ్చుకున్యావు?"

అక్క చేతిలోని కాయ చిట్లగొట్టి, గింజలు చాటలో వేసి, నా వైపు సూటిగా చూసింది.

"నువ్వు తెచ్చుకుంటాంటివి గదా."