గడప దాటే సాఫ్ట్‌వేర్లు

మా ఇంట్లో నేను గడప దాటాలంటే పెద్ద తంతు ఉంది. ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు అని మా అత్త అడగాలి, నేను చెప్పాలి. ఆమె గోడ గడియారం చూసి, వేళ్ళ మీద ఏదో లెక్కేసి, "రాహుకాలం ఉండాది గదమ్మే, కాసేపు కూర్చోని పో" అనాలి. నేను చెప్పులు విప్పి కూర్చోవాలి. తోటపల్లి గూడూరు పక్కన ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పటి నుంచి నాకు తప్పిపోయిన బస్సులన్నీ తెచ్చి నిలబెడితే ఒక డిపో పెట్టుకోవచ్చు.

అలాంటి ఇంట్లో ఎవరినీ అడక్కుండా బయటికి పోయి వచ్చేది ఒకటుందని తెలిసినప్పుడు నాకు ముందు కోపం రాలేదు, కుళ్ళు పుట్టింది. అది మా కంప్యూటర్.

నేను ఇంట్లో కూర్చుని ఆ కంప్యూటర్‌లోనే పిల్లలకు లెక్కలు చెబుతాను. ఎమ్మెస్సీ చదివి, మా రొయ్యల గుంటల మీద పనివాళ్ళకు టీలు కాచీ కాచీ, ఆఖరికి ఎలాగో సంపాదించుకున్న ఉద్యోగం. తెర మీద పిల్లలు నన్ను మేడమ్ అంటారు. తెర ఆపేస్తే మళ్ళీ "ఏమ్మే, కాఫీ పెట్టినావా?" దగ్గరికి వస్తాను. ఆ ఉద్యోగం నాకు ఎంత ప్రాణమో వేరే చెప్పక్కర్లేదు.

ఒకరోజు ఆ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. మీ కంప్యూటర్‌లో తెలియని ప్రోగ్రాం ఏదో పదేపదే ఎక్కడికో కనెక్ట్ కావాలని చూస్తోంది, పిల్లల భద్రత దృష్ట్యా మీ క్లాసులు ఆపుతున్నాం, అదేమిటో కనిపెట్టి సోమవారంలోపు తీసేయకపోతే మీ పిల్లలను వేరే టీచరుకు అప్పగిస్తాం అని. చివర "శుభాకాంక్షలతో" అని కూడా రాశారు. ఎంత మర్యాదస్తులో!

మా ఆయనకు చెబితే, ఆయన అన్నం కలుపుతూనే తీర్పు చెప్పేశాడు.

"ఇంకేముంది, నీ క్లాసుల సాఫ్ట్‌వేరే అయ్యుంటది. నా చేతిలో ఉన్నప్పుడు ఆ కంప్యూటర్ బంగారంలా ఉన్నింది."

నెల్లూరులో రిపేరు షాపతనికి ఫోన్ చేశాను. "తీసుకురాక్కా, ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నాడు. జలుబు చేసిందని ఫోన్ చేసినా అతను ఫార్మాటే చెబుతాడు. మరి నేను తయారుచేసుకున్న పాఠాలో అంటే, "పోతే మళ్ళీ చేసుకోవచ్చు గదక్కా" అన్నాడు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోమనడం అంటే ఇదే.

సరే, నా దొంగను నేనే పట్టుకుంటానని ఒక కాపలా సాఫ్ట్‌వేర్ వేశాను. ఇక ఏ ప్రోగ్రాం ఇంటర్నెట్‌లోకి పోవాలన్నా ముందు నన్ను అడగాలి. అనుమతించాలా, నిరాకరించాలా అని తెర మీద పడుతుంది. ఆహా! గడప దాటడానికి ఒకరు నన్ను అడగడం నా జన్మలో అదే మొదటిసారి. ఒక పూటంతా మా అత్తలా కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాను.

అబ్బబ్బ, ఎన్ని తిరుగుబోతులండీ ఆ పెట్టెలో! ప్రింటరు చచ్చిపోయి అటక మీద ఊరగాయ జాడీల పక్కన పడి ఉంది, దాని సాఫ్ట్‌వేర్ మాత్రం రోజూ షికారుకు పోతానంటుంది. పేకాట ఆటకు కూడా బయట ఏవో రాచకార్యాలున్నాయట. వాటి పేర్లు వెతికి చూస్తే అన్నీ అమాయకమైనవే. ఒక్కటి మాత్రం పేరు చూస్తే ఏమీ అర్థం కాదు, అక్షరాలూ అంకెలూ కలిపిన పిచ్చిపేరు. పోయే చోటు కూడా ఎక్కడిదో అంతుబట్టదు. వద్దంటే ఆగిపోయేది, మర్నాడు సిగ్గు లేకుండా మళ్ళీ వచ్చేది. పోనీ రోజూ ఒకే వేళకా అంటే అదీ కాదు. ఒకరోజు పొద్దున్నే, ఒకరోజు మిట్టమధ్యాహ్నం.

"చైనావాళ్ళేమో" అన్నాడు మా ఆయన. "మనం రొయ్యలు ఎప్పుడు పడతామో కనిపెడతా ఉండారు."

రెండు పంటలు తెల్లమచ్చ రోగానికి పోయాక మన గుంటల్లో కనిపెట్టడానికి ఏముందని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనరు.

శుక్రవారం వచ్చేసింది. ఇక లాభం లేదు, ఫార్మాటే గతి అని చెప్పులు వేసుకున్నాను. కంప్యూటర్ ఆపి వైర్లు పీకడమే తరువాయి.

"యాడికమ్మే? ఇప్పుడే రాహుకాలం వచ్చినాది. కూర్చో" అంది మా అత్త.

ఒళ్ళు మండిపోయింది. చెప్పులు విసిరికొట్టి కంప్యూటర్ ముందే కూలబడ్డాను. సరిగ్గా అప్పుడే తెర మీద పడింది, ఆ పిచ్చిపేరుది. పోతానంటోంది.

గడియారం చూశాను. శుక్రవారం పదిన్నర. నిన్న భోజనాలయ్యాక వచ్చింది. బుధవారం మిట్టమధ్యాహ్నం. సోమవారం పొద్దున్నే. ఓరి నాయనో! ఈ వరస నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నేను ఇన్నేళ్ళూ చెప్పులు విప్పి కూర్చున్న వరసే ఇది.

ఆ ప్రోగ్రాం ఎక్కడ కాపురముంటోందో తవ్వి చూస్తే మా ఆయన పంచాంగం బయటపడింది. రెండో పంట కూడా పోయాక, గుంటలో రొయ్యపిల్ల వదలడానికి మంచి ఘడియ చూసుకుందామని ఆయన నెట్‌లో ఎక్కడి నుంచో ఉచితంగా దింపుకున్న పంచాంగం. రాహుకాలం రాగానే గంట కొట్టి హెచ్చరించడం దాని పని. స్పీకరు పాడై, నేను సాయంత్రం క్లాసులకు మాత్రం హెడ్‌ఫోన్ పెట్టుకోవడంతో, ఆ గంట మాకు వినపడటం మానేసింది గానీ, గంటతో పాటు ప్రకటనలు తెచ్చుకోవడానికి బయటికి పోవడం మాత్రం అది మానలేదు. నన్ను రాహుకాలంలో కదలొద్దంటారు, పంచాంగం మాత్రం ఏరికోరి రాహుకాలంలోనే గడప దాటుతుంది! నేను పగలబడి నవ్వుతుంటే మా అత్త హడలిపోయి వంటింట్లోంచి వచ్చింది.

మా ఆయనను పిలిచి చూపించాను. ముఖం మాడిపోయింది.

"పంచాంగం తీసేస్తావా? పిల్ల వదిలే రోజు దగ్గరికొచ్చినాది. దీంట్లో మన ఊరి సూర్యోదయం, నా నక్షత్రం అన్నీ ఉండాయి."

"సోమవారానికి నా ఉద్యోగం పోతుంది. అది ఏ నక్షత్రంలో ఉందో చూడమంటారా?"

"అది కాదు. తీసేదానికైనా ఒక మంచి టైం చూడొద్దా?"

"ఎక్కడ చూస్తారు?"

ఆయన మెల్లగా మౌస్ మీద చెయ్యి వేసి, ఆ పంచాంగాన్నే తెరవబోయాడు. ఆ చెయ్యి పక్కకు నెట్టేశాను. నిజంగా తొలగించాలా అని తెర అడిగింది. నిక్షేపంగా అని నొక్కాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. "రాహుకాలం అయిపోయినాదమ్మే, ఇంక బయల్దేరు" అంది మా అత్త. అప్పటికి నాకు పోవాల్సిన పని లేకుండా పోయింది.

సోమవారం క్లాసులు తిరిగి మొదలయ్యాయి. "మేడమ్, ఎక్కడికి పోయారు?" అని పిల్లలు అడిగితే కళ్ళు తుడుచుకుని, వర్గ సమీకరణాలు తీయమన్నాను.

రొయ్యపిల్ల వదిలే రోజు సాయంత్రం క్లాసు చెబుతుంటే మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. క్లాసు మధ్యలో తలుపు తోసుకొచ్చి తువ్వాలు ఎక్కడని అరిచే మనిషి, క్లాసు అయ్యేదాకా అక్కడే ఆగాడు.

"హేచరీ నుంచి పిల్ల బండి వచ్చినాది. అలవాటు పడేదానికి సంచులు గుంట నీళ్ళలో వేసినాం. ఎప్పుడు విప్పమంటావు?"

మీ పంచాంగాన్ని అడగండి అనే మాట నాలుక చివరే ఉంది. తలెత్తి ఆయన ముఖం చూశాక అనలేకపోయాను. రెండు పంటలు పోగొట్టుకున్న మనిషి ముఖం అది. "నేనూ వస్తున్నా పదండి" అన్నాను. మా అత్త గడియారం వైపు చూసింది గానీ ఏమీ అనలేదు.

గట్టు మీద నిలబడ్డాను. పిల్ల సంచులు నీళ్ళ మీద తేలుతున్నాయి. పనివాళ్ళూ ఆయనా అందరూ నా వైపే చూస్తున్నారు. విప్పండి అన్నాను. విప్పారు.

ఘడియ చెప్పింది నేనే అనుకుంటే ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. మా ఆయన మాత్రం చాలా రోజుల తర్వాత హాయిగా గుర్రు పెట్టి నిద్రపోయాడు.