ఫిలిప్పీన్స్ అవ్వకు వినిపించిన మా ఊరి గంట

ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. ఉదయగిరి కొండ మీద ఒట్టు, నాకు నెలనెలా వచ్చే పింఛను మీద ఒట్టు. ఆత్మకూరు బస్టాండులో టీ తాగుతూ నా కథలు విన్నవాళ్ళు ఈ ముక్క చదవగానే నవ్వుతారని తెలుసు. సియాచిన్‌లో మంచు చిరుతతో పేకాడానని చెప్పినవాణ్ణి నేనే. అది వేరు, ఇది వేరు.

గోలాన్ కొండల్లో దిగింది నవంబరులో. ఉదయం ఆరున్నర. సన్నటి వాన, దాన్ని అడ్డంగా మొహానికి కొట్టే గాలి. శాంతిసేనలో ఏడాది డ్యూటీ. నెత్తిన నీలం టోపీ, ఒంటి మీద తూటాలు ఆపే బరువు జాకెట్టు, చేతిలో నీళ్ళ ట్యాంకరు తాళం. తుపాకీ పేల్చే పని నాకు పడలేదు. రెండు సైన్యాల మధ్య ఖాళీ నేల ఉంటుంది. దాన్ని కాపలా కాసే పోస్టులకు నీళ్ళు చేర్చాలి. రోడ్డు దిగితే మందుపాతరలు. కంచెకు ఎర్ర త్రికోణాలు వేలాడుతుంటాయి. ఒంటేలుకు దిగినా టైరు పక్కనే కానివ్వాలని ఆర్డరు.

కో-డ్రైవరు మన జలదంకి వాడే. నన్ను అన్నా అని పిలుస్తాడు. నా మాట ఒక్కటీ నమ్మడు.

మంగళవారం, శుక్రవారం మా ట్యాంకరు కొండ మీది ఫిలిప్పీన్స్ వాళ్ళ పోస్టుకు వెళ్ళేది. పన్నెండు మంది. వాళ్ళ రేడియో ఆపరేటరు పాతికేళ్ళవాడు. దారి పొడుగునా రేడియోలో వాడి గొంతే తోడు.

"వాటర్ వన్, ఎక్కడున్నావు?"

"రెండో మలుపు. మంచు. ఐదు నిమిషాలు."

"సూప్ వేడిగా ఉంది. నాలుగు నిమిషాల్లో రా."

డిసెంబరులో ఒక శుక్రవారం బంకర్‌లో సూప్ తాగుతున్నాం. ఎండు చేప, అల్లం వేసిన సూప్. మాటలన్నీ మా ఇద్దరి వచ్చీరాని ఇంగ్లీషులోనే.

"బ్రదర్, నువ్వు ఇండియావాడివి కదా. క్రైస్తవుడివి ఎలా అయ్యావు?" అని నా మెడలో సిలువ చూసి అడిగాడు ఆపరేటరు.

నాకు ఆ మాత్రం సందు చాలు. మా ముత్తాతల కాలంలో అమెరికా మిషనరీ దొరలు ఓడలెక్కి వచ్చిన కథ ఎత్తుకున్నాను. ఎడ్లబండి మీద ఉదయగిరి దాకా వచ్చారనీ, బడి పెట్టారనీ, ఆసుపత్రి కట్టారనీ, మా ఊరి చర్చికి గంట తెచ్చారనీ చెప్పాను.

వాడు చెంచా కింద పెట్టాడు.

"అమెరికా వాళ్ళు మా ఊరికీ వచ్చారు. మా గంట తీసుకుపోయారు."

వాడి ముత్తవ్వ కాలంలో వాళ్ళ దీవులు స్పెయిన్ చేతిలో ఉండేవట. స్పెయిన్‌ను ఓడించి అమెరికా అడుగుపెడితే, ఇక స్వతంత్రమేనని జనం సంబరపడ్డారట. అమెరికా తిరిగి వెళ్ళలేదు. దీవులు మావేనంది. జనం తిరగబడ్డారు. సిపాయిలు వాడి ఊరు తగలబెట్టి, గెలిచిన గుర్తుగా చర్చి గంట దించుకుని ఓడకెక్కించారు. ఆ గంటగూడు ఇప్పటికీ ఖాళీ. వేరే గంట కట్టడానికి ఊరు ఒప్పుకోలేదు. ఆరాధనకు ఖాళీ ఫిరంగి గుండు తొడుగు మీద ఇనుప కడ్డీతో కొడతారు.

"మా అవ్వకు తొంభై మూడేళ్ళు. ఆ గంట ఎలా మోగేదో వాళ్ళమ్మ నోటితో పాడి నేర్పింది. అవ్వ ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. డాక్టర్లు కొద్ది రోజులే అన్నారు. పోయేలోగా ఆ గంట ఒక్కసారి వినాలంటుంది. ఎక్కడని తెచ్చేది?"

మాకు గంట తెచ్చినవాళ్ళూ, వాళ్ళ గంట దించుకుపోయినవాళ్ళూ ఒకే దేశం వాళ్ళు, ఇంచుమించు ఒకే కాలం వాళ్ళు. ఆ మాట తలలో తిరిగింది. నోరు మూసుకోవాల్సిన సమయం అది. కానీ ఎవరైనా ఒక కథ చెబితే దానికన్నా పెద్దది చెప్పందే నాకు ఊపిరాడదు.

"మీ గంట మా ఊళ్ళో ఉంది," అన్నాను.

బంకరంతా నా వైపు తిరిగింది. ఇక ఆగలేదు. సిపాయిలు రేవులో అమ్ముకున్నారన్నాను. మా దొర కొన్నాడన్నాను. గంట అంచున ఎవరికీ అర్థంకాని అక్షరాలున్నాయన్నాను. నిజానికి దాని మీద అమెరికాలోని ఒక ఊరి పేరు ఇంగ్లీషులో పోతపోసి ఉంది. చిన్నప్పుడు ప్రతి క్రిస్మస్‌కూ చింతపండు పెట్టి దాన్ని తోమింది నేనే.

జలదంకి వాడు తెలుగులో గొణిగాడు. "అన్నా, వొద్దు. చావుబతుకుల్లో ఉండే ముసిలామె. ఆమెతో ఆటలేంది?"

"ఊరుకోరా. సంతోషంగా పోనీ."

ఆ సాయంత్రమే మా చర్చిలో గంట కొట్టే మామకు ఫోన్ చేశాను.

"మామా, వచ్చే శుక్రవారం మధ్యాన్నం పన్నెండున్నరకి గంట కొట్టాల."

"శుక్రవారం గంటేందిరా? మెంటలెక్కిందా నీకు?"

"ఈడ ఒక అవ్వ ఉండాది మామా. ఆకరి గడియల్లో ఉండాది. మన గంట వినాలంట. కొట్టేటప్పుడు ఫోను గంట కింద పెట్టు."

"అయ్యో దేవుడా. అట్నే కొడతాలే రా."

శుక్రవారం. ఉదయం తొమ్మిది. బయట మంచు మోకాటి దాకా. మా ఊళ్ళో పన్నెండున్నర, అవ్వ ఉన్న ఆసుపత్రిలో మధ్యాహ్నం మూడు. ఆపరేటరు చెల్లెలు ఫోను అవ్వ చెవి దగ్గర పెట్టింది. ఇక్కడ ఆపరేటరు తన ఫోనూ నా ఫోనూ స్పీకర్లు పెట్టి ఒకదానికొకటి ఆనించి పట్టుకున్నాడు. గంట మోగింది. అవ్వ ఏడ్చింది. "అదే. మా అమ్మ పాడిన గొంతు అదే," అంది. బంకర్‌లో అందరూ నన్ను కావలించుకున్నారు.

తిరుగు ప్రయాణం మళ్ళీ నవంబరులో. ఆ తర్వాత రెండేళ్ళకు పింఛనుతో ఇంటికి వచ్చాను. ఈ కథ ఆత్మకూరులో చెప్పాను, అనుమసముద్రంపేట అంగళ్ళ ముందు చెప్పాను, మా చర్చిలో సాక్ష్యంగా నిలబడి చెప్పాను. ఆమెన్ అన్నారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

ఇక ఒప్పుకోవాలి. అవ్వ ఆ మాట అనలేదు. ఆమె ఏడవడం, వాళ్ళు నన్ను కావలించుకోవడం నేను కల్పించినవి. మిగతాదంతా జరిగింది.

మా ఊళ్ళో ఆరాధనకు జంట దెబ్బలు, గబగబా కొడతారు. ఎవరైనా పోతే ఒక్కొక్క దెబ్బ, మధ్యలో పది అంకెలు లెక్కపెట్టేంత ఖాళీ. ఆఖరి గడియలని నేను చెప్పాను. శుక్రవారం మధ్యాహ్నం. మామ ఇంకేం అనుకుంటాడు? చావు గంట కొట్టాడు.

మూడో దెబ్బకు అవ్వ ఏదో అంది. ఆపరేటరు తలెత్తి నన్ను చూశాడు.

"ఇది మాది కాదంటోంది."

నా ఫోను లాక్కోబోయాను. వాడు వదల్లేదు.

"ఉండు. ఇది చావు గంట కదా, మీ ఊళ్ళో ఎవరు పోయారని అడుగుతోంది. పేరు చెబితే ప్రార్థన చేస్తుందట."

నా నోటికి ఒక్క పేరు రాలేదు. బస్టాండులో గంటకు పది పేర్లు పుట్టించేవాణ్ణి.

పేరు లేకుండానే ఆమె మొదలుపెట్టింది. సన్నటి గొంతు. మధ్యమధ్యలో ఆయాసం. మా ఊళ్ళో ఎవరూ చావలేదు. ఎవరూ చావని ఊరి కోసం, చావబోతున్న మనిషి తనకున్న కాస్త ఊపిరీ ఖర్చు పెడుతోంది. మామ మాత్రం ఆపకుండా, శ్రద్ధగా కొడుతూనే ఉన్నాడు.

ఆమె నాలుగు రోజులకు పోయింది. మంగళవారం నీళ్ళు ముట్టిన చీటీ మీద ఆపరేటరు బదులు వేరేవాడు సంతకం పెట్టాడు. ఆపరేటరు బంకర్ నుంచి బయటికి రాలేదు.

నేను ఎక్కడున్నా నాకు కనిపించేది ఒక్కటే. రెండు ఫోన్లు ఆనించి పట్టుకున్న వాడి రెండు చేతులు. చలికి గోళ్ళు నీలంగా మారాయి. ఫోన్లు మాత్రం కదలడం లేదు.