తాతయ్య నిలబడిన రోజు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. మా తాతయ్య లేచి నిలబడితే మద్రాసు గవర్నరంతటివాడు కూడా మాట మధ్యలో ఆపేసేవాడు. తెల్లవాళ్ళ పాలనలో ఆయన మద్రాసు శాసనమండలి సభ్యుడు మరి.

దేశం దాటి వచ్చి నేనుంటున్న బిషాన్‌లో మా అపార్టుమెంటు బ్లాకు కింద సాయంత్రాలు చేరే ముసలివాళ్ళకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో. మొన్న మనవరాలి చెవిన పడింది. "తాతా, టూ మచ్ లా! గవర్నర్ నిజంగా స్టాప్ అయ్యాడా?" అని ఇక్కడి యాసలో నిలదీసింది. అందుకని ఒప్పేసుకుంటున్నాను. గవర్నరును తాతయ్య దూరం నుంచి చూశాడేమో, అంతే. భూమి పన్ను కట్టేవాళ్ళకే వోటున్న ఆ రోజుల్లో ఒక్కసారి గెలిచాడు, మళ్ళీ నిలబడి ఓడిపోయాడు. గెలిచినన్నాళ్ళూ వెనక వరసలోనే ఉన్నాడు. సభలో మాట్లాడాలంటే లేచి నిలబడాలి, అధ్యక్షుడి కంట పడాలి, ఆయన పిలవాలి. అరిస్తే కూర్చోమంటారు. విసుగొచ్చి మనమే కూర్చుంటే వంతు పోతుంది. పొద్దంతా లేచి నిలబడి, పిలుపు రాకుండానే బసకు చేరిన రోజులే ఎక్కువని తాతయ్యే నవ్వుతూ చెప్పేవాడు.

ఇక ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నిజం.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా చెల్లికి కంఠసర్పి వచ్చింది. టీకాల పుణ్యమా అని ఇప్పటి పిల్లలకు ఆ పేరే తెలియదు. గొంతులో పొర కమ్మి ఊపిరి మూసుకుపోయే జబ్బు అది. నాన్న ఊళ్ళో లేడు. అమ్మ పురిటి మంచం మీద ఉంది. తాతయ్య పెట్టె అడుగు నుంచి శాసనమండలి రోజుల నల్లకోటు తీసి తొడుక్కున్నాడు, తలపాగా చుట్టాడు, చెల్లిని భుజాన వేసుకున్నాడు. నేను మంచినీళ్ళ చెంబు పట్టుకుని బండెక్కాను. పట్నం చేరేదాకా చెల్లి గొంతులోంచి రంపంతో కోస్తున్నట్టు చప్పుడు. వినబడితే ఒక భయం, వినబడకపోతే ఇంకా పెద్ద భయం.

ఆసుపత్రి వరండా నిండా జనం. లోపల ఉన్నది ఒక్క డాక్టరు. గుమ్మం దగ్గరున్న కాంపౌండరుకు తాతయ్య గొంతు సవరించుకుని తన పేరూ, ఒకప్పటి సభ్యత్వమూ చెప్పుకున్నాడు. అతను కోటుకేసి ఎగాదిగా చూశాడు.

"దొరల సభలో కూర్చొచ్చారా పెద్దాయనా? అయితే కూర్చోవడం అలవాటే కదా. అదిగో బల్ల."

ఎవరో కిసుక్కున నవ్వారు. తాతయ్య వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు అంతలోనే లేచాడు. డాక్టరు గదికి ఎదురుగా, చెల్లిని నిటారుగా భుజానికి ఆనించుకుని నిలబడ్డాడు. ఇక కదలలేదు.

నాకు పిచ్చెక్కుతోంది. "కేకెయ్యి తాతయ్యా, గట్టిగా కేకెయ్యి" అని పంచె పట్టి లాగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎండ వరండాలోకి పాకింది. నల్లకోటు వీపంతా తడిసిపోయింది. ఎవరో జాలిపడి చోటిచ్చినా కూర్చోలేదు. చెల్లి పెదవులు నీలం తిరుగుతున్నాయి. ఈ పిల్ల ఇక మాతో ఇంటికి రాదని నాకు అర్థమైపోయింది. అమ్మకు ఏం చెప్పాలో కూడా ఆలోచించడం మొదలుపెట్టాను. చెంబులో నీళ్ళు నా కాళ్ళ మీదే ఒలికిపోతున్నాయి.

చివరికి డాక్టరు తలెత్తాడు. "ఎవరాయన? ఏం కావాలట?"

సభలో ప్రశ్న అడిగేటప్పుడు ఉపన్యాసం కూడదట, విషయం మాత్రమే చెప్పాలట. తాతయ్య అలాగే అడిగాడు. "పిల్లకు ఊపిరాడటం లేదు. ఇప్పుడు చూస్తారా?"

డాక్టరు ఒక్క ఉదుటున వచ్చి చెల్లిని అందుకుని లోపలికి పరిగెత్తాడు. ఆ తర్వాతే తాతయ్య కూర్చున్నాడు. బల్ల మీద కాదు, నేల మీద. తలపాగా విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. చెల్లి బతికింది.

కిందటేడు ఇక్కడి ఆసుపత్రికి మా ఆవిడను ఊపిరందని స్థితిలో తీసుకెళ్ళినప్పుడు, "అంకుల్, సిట్, సిట్" అని కౌంటరు అమ్మాయి ఎంత చెప్పినా నేను కూర్చోలేదు. అరవనూ లేదు. లోపలికి పిలిచేదాకా ఆ అమ్మాయి కళ్ళెదుటే నిలబడ్డాను. కూర్చోవాలనిపించినప్పుడల్లా ఆ నల్లకోటు గుర్తొచ్చింది. మనవాళ్ళ కోసం, ఎదుటివాళ్ళు చూడక తప్పనంత సేపు నిలబడాలి. తాతయ్య శాసనమండలి నుంచి మాకు తెచ్చిపెట్టిన ఆస్తి అదొక్కటే.

ఇదంతా రాసి, ఇక్కడే జురాంగ్ వెస్ట్‌లో కొడుకు దగ్గరుంటున్న మా చెల్లికి ఫోన్లో చదివి వినిపించాను. చివరిదాకా ఓపిగ్గా విన్నది.

"సభా లేదు, నీ మొహమూ లేదు అన్నయ్యా" అంది. "ఆయన కూర్చుని నన్ను ఒళ్ళో వేసుకోగానే నాకు ఊపిరి ఆగిపోయింది. నిలబడి ఎత్తుకుంటేనే ఆడింది. అందుకు నిలబడ్డాడు."